పదహారేళ్ళకు తమ్ముడు ఇంటికొచ్చాడు, ఇప్పుడు ఎలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా పేరు, ఊరు పేరు రాయొద్దు. మాది సూర్యాపేట వైపు పల్లె. పెళ్ళయినప్పటి నుంచీ హైదరాబాద్‌లో, వనస్థలిపురం దగ్గర ఉంటున్నాం. 2008లో మా నాన్న పొలం గెట్టు దగ్గర గొడవ జరిగింది. మాటా మాటా పెరిగి మా తమ్ముడు గొడ్డలి కామతో కొడితే పక్క పొలం ఆయన చనిపోయాడు. తమ్ముడికి యావజ్జీవం పడింది. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళి కాలేదు. నాన్న పోయినప్పుడు పోలీసు ఎస్కార్ట్‌తో వచ్చి, కర్మకాండ కాగానే వెళ్ళిపోయాడు. నాలుగు నెలల కిందట క్షమాభిక్ష జాబితాలో పేరు వచ్చి చర్లపల్లి జైలు నుంచి విడుదలయ్యాడు. మా ఇంట్లోనే ఉంటున్నాడు.

వాడి తీరు నాకు అర్థం కావట్లేదు. బాత్‌రూమ్‌కు వెళ్ళాలన్నా "అక్కా, వెళ్ళొచ్చా" అంటాడు. మా ఆయన ఇంట్లోకి రాగానే లేచి నిలబడతాడు. సాయంత్రం ఐదింటికే కంచం ముందు పెట్టుకుంటాడు. లైటు తీస్తే నిద్ర పట్టదు. లోపల వడ్రంగం నేర్చుకున్నాడు, చెయ్యి బాగానే తిరిగింది. కానీ రెండు ఫర్నిచర్ షాపుల్లో పెట్టుకుని, సంగతి తెలియగానే మాన్పించేశారు. మా ఆయన చెడ్డవారు కాదు. కానీ "జైల్లో పడ్డవాడు బాగుపడి వస్తాడా, ఇంకా నాలుగు నేర్చుకుని వస్తాడు. ఎదిగిన పిల్ల ఉంది. ఎన్నాళ్ళు?" అంటారు. గల్ఫ్‌కు పంపేద్దాం అని కూడా అంటున్నారు. మా పాపకు సంబంధాలు చూస్తున్నాం. ఈ విషయం చెప్పాలా, దాచాలా? ఇంకొకటి. వాడు ఊరికెళ్ళి ఆ చనిపోయినాయన భార్య కాళ్ళ మీద పడతానంటాడు. నాకు టెన్షన్‌తో నిద్ర లేదు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నాలుగైదు ప్రశ్నలు చిక్కు పడి ఉన్నాయి. ఒక్కొక్కటే విడదీస్తాను. న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్ లాయరుగా జైళ్ళకు వెళ్ళి ఖైదీలతో, ములాఖత్ గది బయట వాళ్ళ ఇంటివాళ్ళతో మాట్లాడిన మనిషిని కాబట్టి కొన్ని సంగతులు సూటిగానే రాస్తున్నాను.

ముందు బాత్‌రూమ్ సంగతి. మీకు అది పిచ్చిలా కనిపించి ఉండొచ్చు. అతను పదహారేళ్ళు గడిపిన రోజు ఎలా ఉంటుందో చూస్తే అర్థమవుతుంది. తెల్లారగానే వార్డర్ వచ్చి బ్యారక్ తాళం తీస్తాడు, తలలు లెక్కపెడతారు. లెక్క తేలేదాకా ఎవరూ కదలకూడదు. టిఫిను, పని, మధ్యాహ్నం మళ్ళీ లెక్క, మళ్ళీ పని. రాత్రి అన్నం సాయంత్రం ఐదు ప్రాంతంలోనే చేతికొస్తుంది, ఎందుకంటే చీకటి పడకముందే లోపల వేసి తాళం వేయాలి. బ్యారక్‌లో లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. అధికారి ఎదురైతే లేచి నిలబడాలి. ఏం తినాలి, ఎప్పుడు పడుకోవాలి, ఏ తలుపు ఎప్పుడు తీయాలి, వీటిలో ఒక్కటి కూడా అతను నిర్ణయించుకున్నది లేదు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడిగా వెళ్ళి నలభై దాటి వచ్చాడు. మామూలుగా మగవాడు సంసారం, డబ్బు, నలుగురిలో మాట నేర్చుకునే వయసంతా లోపలే పోయింది.

మీవారిని చూడగానే లేచి నిలబడటం భయంతో వచ్చిన మర్యాద. "నువ్వు అడగక్కర్లేదు రా" అని రోజుకు పదిసార్లు చెప్తే పోదు. అది కూడా ఇంకొకరి ఆర్డరే కదా. చిన్న చిన్న నిర్ణయాలు అతని మీద వేయండి. రైతు బజారుకు పంపండి, చేతికి డబ్బులివ్వండి, చీటీ మాత్రం రాసివ్వకండి. "ఏ కూర తేవాలి అక్కా" అని ఫోన్ చేస్తే "నీకు ఏది తినాలనిపిస్తే అది" అనండి. మొదట్లో వంకాయలు, బెండకాయల మధ్య పావుగంట నిలబడిపోతాడు. పోనీయండి. ఐదింటికి ఆకలేస్తే ఐదింటికే తిననివ్వండి, మీరంతా తినేటప్పుడు ఓ గ్లాసు మజ్జిగతో పక్కన కూర్చుంటాడు. కొన్నాళ్ళకు వేళ దానంతట అదే జరుగుతుంది. పడుకునే చోట జీరో బల్బు వేయండి. పిల్లలు నవ్వకుండా చూసుకోండి, అంతే.

అయితే ఒక హద్దు ఉంది. వరసగా వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఎవరో తలుపు దగ్గర ఉన్నారంటున్నా, మందు మొదలుపెట్టినా, "నేను లోపలే ఉండాల్సింది, అక్కడే నయం" అని పదే పదే అంటున్నా అది అలవాటు సంగతి దాటిపోయింది. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ని చూడాలంటే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. ఎర్రగడ్డ అనగానే మన దగ్గర ఒక నవ్వు ఉంటుంది. ఆ నవ్వును పట్టించుకోకండి.

ఇక మీవారి మాట. "జైల్లో పడ్డవాడు బాగుపడతాడా" అన్నది ఊరంతా అనే మాటే. దానికి కారణం లేకపోలేదు. మన జైళ్ళలో జనం ఎక్కువ. 2022 చివరికి దేశం మొత్తం మీద 5,73,220 మంది లోపల ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా విచారణ కూడా పూర్తికాని వాళ్ళు. వంద మందికి కట్టిన చోట సగటున 131 మంది. ఆ ఇరుకులో చిల్లర దొంగతనానికి వెళ్ళిన కుర్రాడు పెద్ద దొంగ పక్కన పడుకుంటాడు. మీవారు భయపడే "నాలుగు నేర్చుకోవడం" జరిగేది ఎక్కువగా అక్కడే. (ఇది చదివే వాళ్ళలో ఇంట్లో మనిషి రిమాండ్‌లో ఉన్నవాళ్ళుంటే ఒక మాట. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలో 479 సెక్షన్ ఉంది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్ళు ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపేస్తే, కోర్టు బాండ్ మీద వదిలిపెట్టాలి. మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. పాత కేసులకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. లాయరును అడగండి.)

మీ తమ్ముడి సంగతి వేరు. ఆవేశంలో ఒక్కసారి నేరం చేసి, ఏళ్ళ తరబడి శిక్ష అనుభవించి, నడివయసులో బయటికొచ్చిన వాళ్ళు మళ్ళీ అలాంటి నేరం చేయడం చాలా అరుదని అనేక దేశాల పరిశోధనల్లో తేలింది. నేను చూసిన యావజ్జీవ ఖైదీల్లో చాలామంది బయటికొచ్చాక గట్టిగా మాట్లాడటానికే జంకే రకం. అలాగని మీవారికి నేను గ్యారంటీ కార్డు రాసివ్వలేను. ఆయన భయం ఆయనది, ఎదిగిన ఆడపిల్ల తండ్రి. దాన్ని మీరు చులకన చేస్తే ఆయన మాట మానేస్తారు గానీ భయం మానరు.

అందుకే ఆయన అడిగిన "ఎన్నాళ్ళు" అన్నదానికి మీరు జవాబు చెప్పి తీరాలి. నా సలహా మీకు కటువుగా అనిపించొచ్చు: తమ్ముడు మీ ఇంట్లో శాశ్వతంగా ఉండకూడదు. ఆరు నెలలని మీరిద్దరూ, అతనూ కూర్చుని ఒక గడువు అనుకోండి. ఆలోగా మీ వీధిలోనో పక్క కాలనీలోనో ఒక్క గది అద్దెకు చూడండి. అన్నం మీ ఇంట్లో తినొచ్చు, ఆదివారం మీతో గడపొచ్చు, పడక మాత్రం తన గదిలో. ఇది అతన్ని బయటికి నెట్టడం అనుకోకండి. పదహారేళ్ళుగా అతను పడుకున్న గదికి తాళం ఎప్పుడూ వేరేవాళ్ళ చేతిలోనే ఉంది. ఇప్పుడు మీ ఇంటి తాళం మీ చేతిలో ఉంది, అతని లెక్కలో పెద్ద తేడా లేదు. లోపలి నుంచి తను గడియ పెట్టుకునే గది ఒకటి కావాలి. మీవారికీ గడువు తెలిస్తే ఈ ఆరు నెలలు సులువుగా గడుస్తాయి. ఈలోపు ఇంటి ఖర్చులో అతని భాగం తీసుకోండి. లోపల చేసిన పనికి జైలు కూలి ఎంత తక్కువైనా కొంత జమ అయి ఉంటుంది. గ్యాస్ బండ డబ్బులు అతన్ని కట్టనివ్వండి. "వద్దులే రా" అని ప్రేమ చూపించకండి.

గల్ఫ్ మాట పూర్తిగా వదిలేయండి. దానికి కారణం అతని విడుదల ఉత్తర్వులోనే ఉంటుంది. మనవాళ్ళు యావజ్జీవం అంటే పద్నాలుగేళ్ళు అనుకుంటారు. యావజ్జీవం అంటే బతికి ఉన్నంతకాలం. మరణశిక్ష కూడా పడగల నేరంలో యావజ్జీవం పడితే, మామూలు పద్ధతిలో విడుదల చేయాలన్నా కనీసం 14 ఏళ్ళు లోపల ఉండి తీరాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 433ఎ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు అది కొత్త నాగరిక సురక్షా సంహితలో 475. ఆ పద్నాలుగు అక్కడి నుంచి వచ్చిందే. మీ తమ్ముడి శిక్ష అయిపోలేదు. ప్రభుత్వం మిగిలిన శిక్షను షరతుల మీద తగ్గించింది. బాండ్ రాయించుకుని ఉంటారు, ఫలానా వ్యవధికోసారి పోలీస్ స్టేషన్‌లోనో ప్రొబేషన్ అధికారి దగ్గరో కనిపించమని ఉండొచ్చు, మళ్ళీ కేసులో ఇరుక్కోకూడదని తప్పకుండా ఉంటుంది. షరతు తప్పితే విడుదల రద్దు చేసి మిగిలిన శిక్షకు వెనక్కి పంపే అధికారం ప్రభుత్వానికి ఉంది. కాబట్టి ఆ జీవో కాపీ, బాండ్ కాపీ ఎక్కడున్నాయో ఈరోజే వెతకండి. లేకపోతే జైలు సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టి తెచ్చుకోండి. ప్రతి వాక్యం అతనితో చదివించండి. సంతకం పెట్టిన రోజు గేటు బయట మీరు నిలబడి ఉంటే అతను అందులో ఏం చదివి ఉంటాడు!

ఆ కాపీలు దొరికాక మిగతా కాగితాలు. మీ తమ్ముడు ఆంధ్రప్రదేశ్, నల్గొండ జిల్లా అడ్రసుతో లోపలికి వెళ్ళాడు. తెలంగాణ, సూర్యాపేట జిల్లాలోకి బయటికొచ్చాడు. 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది, అదే ఏడాది నవంబర్‌లో నోట్లు మారాయి. అతను అరెస్టయ్యే నాటికి ఆధార్ అన్నదే లేదు. ఆధార్ ఉంటే అడ్రసు, వేలిముద్రలు అప్‌డేట్ చేయించండి, లేకపోతే కొత్తగా నమోదు చేయించండి. తర్వాత బ్యాంకు ఖాతా, ఆ తర్వాత రేషన్ కార్డు. ఓటు కూడా. జైల్లో ఉన్నంతకాలమే ఓటు ఉండదు, బయటికొచ్చాక శిక్ష పడినవాడికీ అందరిలాగే ఉంటుంది. ఓటరు నమోదుకు ఫారం 6 నింపితే సరిపోతుంది. మొదటి ఓటరు కార్డు చేతికొచ్చిన రోజు అతని ముఖం చూడండి. ఫోన్ పే నేర్పే పని మీ పిల్లలకు అప్పజెప్పండి. ఆ వయసు పిల్లలకు నేర్పడంలో ఓ గర్వం ఉంటుంది, మామ అంటే బెరుకు కూడా పోతుంది.

పని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఎందుకంటే జైలు సంస్కరణ అని పేపర్లలో ఏళ్ళ తరబడి వస్తున్న వార్తలన్నీ చివరికి ఇక్కడికొచ్చి ఆగిపోతున్నాయి. లోపల జరిగిన మంచిని నేను కాదనను. చర్లపల్లిలో ఫర్నిచర్ చేస్తారు, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కేంద్రాలు జైళ్ళలో ఉన్నాయి, లోపల కూర్చుని డిగ్రీ పాసైన వాళ్ళున్నారు. చంచల్‌గూడ జైలు పక్కన పెట్రోల్ బంకులో పైపు పట్టుకుని నిలబడేది ఖైదీలు, విడుదలైన వాళ్ళే. కొలత సరిగ్గా ఉంటుందని జనం అక్కడికే వస్తారు. చర్లపల్లిలోనే, అటు అనంతపురంలోనూ ఓపెన్ ఎయిర్ జైళ్ళున్నాయి. నమ్మకం కుదిరిన ఖైదీలు చుట్టూ ఎత్తు గోడ లేని పొలంలో పని చేసుకుంటారు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 213 మందిని ఒకేసారి విడుదల చేసినప్పుడు కొందరికి జైళ్ళ శాఖ బంకుల్లోనే పని ఇచ్చారు. బాగుంది. మరి మిగతావాళ్ళు? 2016 నమూనా జైలు మాన్యువల్‌లో విడుదల తర్వాతి పునరావాసానికి ఒక అధ్యాయమే ఉంది. జైళ్ళు రాష్ట్రాల చేతిలో ఉన్న విషయం కాబట్టి అమలు వాళ్ళ ఇష్టం. ఆచరణలో ఆ అధ్యాయాన్ని మోస్తున్నది మీలాంటి అక్కలు, అమ్మలు. బయటికొచ్చాక మొదటి ఏడాది ఎవరి బాధ్యతో చెప్పగలిగిన అధికారి నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

సరే, చేతిలో ఉన్నది చూద్దాం. జైలుకు అర్జీ పెట్టేటప్పుడే, ఏ విభాగంలో ఎన్నేళ్ళు ఏ పని చేశాడో రాసిన ధ్రువపత్రం, సత్ప్రవర్తన పత్రం కూడా అడగండి. విడుదలైన వాళ్ళకు శాఖ బంకుల్లోగానీ ఇతర యూనిట్లలోగానీ పని ఖాళీ ఉందా అని అదే అర్జీలో రాయండి. అడిగినవాళ్ళకే దొరికే సంగతులివి.

షాపుల్లో మాన్పించారని రాశారు. సంగతి చెప్పకుండా చేరి ఉంటాడని నా అనుమానం. ఇకముందు చేరకముందే, ఓనర్ ఒక్కడే ఉన్నప్పుడు, మీ తమ్ముడే చెప్పాలి. మీరు వెంట వెళ్ళకండి. "అన్నా, పదహారేళ్ళ కింద పొలం గొడవలో నా చేతిలో ఒక మనిషి పోయాడు. శిక్ష అనుభవించి వచ్చాను. లోపల ఇన్నేళ్ళు కర్రపని చేశాను, కాగితం ఇదిగో. వారం రోజులు నా పని చూసి చెప్పండి." ఇంతే. ఏడుపు వద్దు, కథ వద్దు, అవతలివాడిదే తప్పు అనడం అసలే వద్దు. పది మందిలో ఎనిమిది మంది కాదంటారు. ఒప్పుకున్నవాడు మాత్రం రేపు ఎవరో వచ్చి చెవిలో ఊదినా మాన్పించడు, ఎందుకంటే అతనికి ముందే తెలుసు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగే పెద్ద కంపెనీల జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఎవడో ఐదు వేలిస్తే "క్లియర్" చేయిస్తానంటాడు, వాడి వెంట అసలే వెళ్ళొద్దు. అది కొత్త కేసు, కొత్త కేసంటే షరతు తప్పినట్టే.

ఇంకో సంగతి అతనికి చెప్పండి, మనసు కష్టపెట్టుకోకుండా. బయట వడ్రంగం మారిపోయింది. అతను లోపల ఉలి, చిత్రిక పట్టి టేబుళ్ళు, బెంచీలు చేశాడు. ఇప్పుడు హైదరాబాద్ ఫ్లాట్లలో పనంతా ప్లైవుడ్డు, లామినేట్లు, మాడ్యులర్ కిచెన్. కొలతలు ఫోన్‌లో వస్తాయి, కోత మెషీన్ కోస్తుంది. కాబట్టి కొన్నాళ్ళు హెల్పర్ కూలికి చేయాల్సి రావచ్చు, ఇరవై రెండేళ్ళ కుర్రాడు "మామా, అలా కాదు" అనొచ్చు. దానికి సిద్ధపడితే ఏడాదిలో తన చేతిపనే అతన్ని పైకి తెస్తుంది. టేకు తలుపుకు చిత్రిక పట్టడం తెలిసినవాళ్ళు ఇప్పుడు తక్కువ. సొంతంగా చేసుకోవాలనుకుంటే, 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణలో రోజుకు 500, పనిముట్లకు 15,000 దాకా, తర్వాత తక్కువ వడ్డీకి లక్ష రుణం ఉంటాయి. ఆధార్ సరిచేయించాక దగ్గర్లోని సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో దరఖాస్తుకు వీలుందేమో అడగమనండి.

పాప పెళ్ళి. దాచకండి. మన సంబంధాల్లో అబ్బాయి వాళ్ళు మూడు ఊళ్ళు తిరిగి ఆరా తీస్తారు. మీ ఊళ్ళో బస్సు దిగి టీ కొట్టు దగ్గర అడిగితే చాలు, 2008 సంగతి ఉన్నదానికి ఇంకో రెండు కలిపి చెప్తారు. అది మీ నోటి నుంచి వెళ్ళడం మేలు. పెళ్ళిచూపులకు ముందే అక్కర్లేదు. ఇరువైపులా ఇష్టపడి, మాటలు కట్నకానుకల దాకా వచ్చేలోపు, మీరూ మీవారూ వెళ్ళి అబ్బాయి తల్లిదండ్రులకు చెప్పండి. కొన్ని సంబంధాలు తప్పిపోతాయి. అవి పెళ్ళయ్యాక తెలిస్తే మీ పిల్ల జీవితాంతం దెప్పులు పడే ఇళ్ళు. పాప ఉద్యోగం గురించి కూడా దిగులు వద్దు. పోలీసు వెరిఫికేషన్‌లో చూసేది అభ్యర్థి మీద ఉన్న కేసులు, మేనమామ మీదవి కాదు.

మీరు అడగలేదు గానీ మీ మనసులో ఇంకో సంగతి తిరుగుతోందని అనుకుంటున్నాను. పెళ్ళిలో పిల్లను గంపలో కూర్చోబెట్టి తీసుకురావాల్సింది మేనమామ. ఆ రోజు అతన్ని మూల గదిలో దాస్తారా, మండపంలోకి పిలుస్తారా? ఇది మీరూ మీవారూ తేల్చకండి, పాపను అడగండి. మామ జైలుకు వెళ్ళేనాటికి తను పసిపిల్ల. ఈ నాలుగు నెలల్లో ఒకే ఇంట్లో అతన్ని చూసింది. ఏం చెప్పినా దాన్నే ఒప్పుకోండి. వద్దంటే తమ్ముడికి ఆ మాట మీరే చెప్పాలి, పిల్ల మీద నెట్టకూడదు.

ఇక అన్నిటికంటే బరువైనది, ఊరు. కాళ్ళ మీద పడతానంటున్నాడని రాశారు. ఆ మాట వెనక నిజమైన బాధ ఉందని నమ్ముతున్నాను. అయినా ఇప్పుడు వెళ్ళనివ్వకండి. ఆవిడ వైపు నుంచి చూడండి. భర్తను చంపినవాడు పదహారేళ్ళ తర్వాత హఠాత్తుగా గుమ్మంలో నిలబడతాడు. కాళ్ళ మీద పడ్డాడో, బెదిరించడానికి వచ్చాడో ఆ క్షణంలో ఎవరికి తెలుస్తుంది? కొడుకులు ఇంట్లో ఉంటే ఏం జరుగుతుంది? ఆవిడ ఒక్క ఫిర్యాదు రాసిస్తే మీ తమ్ముడు మళ్ళీ చర్లపల్లికి వెళ్ళాల్సి రావచ్చు. పైగా నలుగురి ముందు కాళ్ళ మీద పడితే, ఆవిడ మీద క్షమించక తప్పని ఒత్తిడి పడుతుంది. "అంత పెద్ద మనిషి కాళ్ళు పట్టుకున్నా కరగలేదు" అని ఊరు ఆవిడనే అంటుంది. తన దుఃఖం దించుకోవడానికి ఆవిడ మీద ఇంకో బరువు వేయడం అవుతుంది.

1977లో మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్ళిన గియాసుద్దీన్ మోసం కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ శిక్షను పద్దెనిమిది నెలలకు తగ్గిస్తూ, నేరస్థుడిని మామూలుగా బాగుచేయవచ్చు, ప్రభుత్వం పగ తీర్చుకోవడం కంటే బాగుచేయడమే చేయాలని రాశారు. అక్కడితో వదిలేయలేదు. జరిమానా కూడా వేసి, ఆ డబ్బు మోసపోయిన మనిషికి చేరాలన్నారు. మోసం కేసుకూ హత్య కేసుకూ పోలిక లేదు, పోయిన ప్రాణానికి లెక్క కట్టలేం. కానీ ఆ తీర్పులో నాకు నచ్చేది అదే. మనిషి మారాడనడానికి రుజువు అవతలి మనిషికి ఏం చేరిందన్నదే.

మీ విషయంలో అవతలివాళ్ళకు చేరగలిగింది ఒకటి ఉంది. ఆ గెట్టు. గొడవకు మూలమైన హద్దు ఈరోజుకీ తేలలేదని మీ ఉత్తరం చదివితే అనిపించింది. ముందు మీ నాన్నగారి పొలం విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) అయిందో లేదో చూడండి. వీలునామా లేకపోతే, అది నాన్నగారి సొంత ఆర్జితమైతే, అమ్మ, మీరు, తమ్ముడు ముగ్గురూ సమాన వారసులే. హత్య చేసినవాడికి ఆస్తి రాదన్న మాట చంపబడిన మనిషి ఆస్తి గురించి, కాబట్టి తండ్రి ఆస్తిలో అతని హక్కు అతనికుంది. భూముల రికార్డుల పోర్టల్ ధరణి పోయి ఇప్పుడు భూభారతి వచ్చింది, దరఖాస్తు అందులోనే. పట్టా మీ పేర్ల మీదికి వచ్చాక మీసేవలో హద్దుల సర్వేకు ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టండి. సర్వేయర్ వచ్చేటప్పుడు పక్క రైతులకు నోటీసు వెళ్తుంది, వాళ్ళూ ఉంటారు. ఆ రోజు తమ్ముడు ఊళ్ళో ఉండొద్దు, మీరో మీవారో నిలబడండి. గొలుసు ఎక్కడ పడితే అక్కడ రాయి పాతించండి. మూడు గజాలు వాళ్ళవైపు పోయినా నోరెత్తకండి. మనిషి ప్రాణం పోయింది ఆ మూడు గజాల కోసమే.

ఆ పని అయ్యాక, రెండు కుటుంబాలూ గౌరవించే పెద్దమనిషి ఒకరి ద్వారా ఒక్క మాట పంపండి: "వాడు మీకు కనిపించి క్షమాపణ చెప్పుకుంటానంటున్నాడు, మీకు ఇష్టమైతేనే, మీరు చెప్పిన చోట, మీరు రమ్మన్నవాళ్ళ ముందు." అంతకుముందు షరతుల కాగితం ఒకసారి చూడండి, ఊళ్ళో అడుగుపెట్టకూడదనో ఆ కుటుంబాన్ని కలవకూడదనో ఉంటే ఈ ఆలోచనే వద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తే లాయరు ఉచితంగా చదివి చెప్తారు, ఫోన్‌లో అయితే 15100. ఆవిడ రమ్మంటే వెళ్ళాలి. వద్దంటే, జవాబే చెప్పకపోతే, అక్కడితో ఆపేయాలి. మళ్ళీ మనుషుల్ని పంపకూడదు, పండగకు పంపకూడదు, వాళ్ళింట్లో చావుకో పెళ్ళికో వంక పెట్టుకుని పంపకూడదు. క్షమించకపోవడం ఆవిడ హక్కు. ఈ మాట తమ్ముడికి మీరు ముందే చెప్పి, ఒప్పించి ఉంచాలి. దానికి చాలా రోజులు పట్టొచ్చు.

విరాసత్ దరఖాస్తుకు మాత్రం ఇవేవీ తేలాల్సిన పని లేదు. మీ నాన్నగారి మరణ ధ్రువపత్రం, పాత పాసుపుస్తకం, ముగ్గురి ఆధార్లు పట్టుకుని ఈ నెలలోనే వెళ్ళండి. తమ్ముడి ఆధార్‌లో జిల్లా పేరు ముందు సరిచేయించుకోండి, లేకపోతే అక్కడే ఆగిపోవచ్చు.